పడే పిల్లల కింద పరుపు వేయండి

అమలాపురంలో ఏడుగురు స్నేహితులు కలిసి ఫైటు సినిమాలు తీయడానికి ఒక జట్టు కట్టారు. ఐదుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ఒకడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఒకడు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తున్నాడు. ఇంకొకడు ఇంటర్ తప్పి తండ్రి వెంట కొబ్బరి దింపుకు వెళ్తున్నాడు. అమ్మాయిల్లో ఒకరు నర్సింగ్, ఒకరు డిగ్రీ. జట్టుకు ఏం పేరు పెట్టాలో ఇంకా తేలలేదు, దాని మీద రోజూ వాదనే. తీసేవి ఐదారు నిమిషాల సినిమాలు. కెమెరా అంటే ఫోనే.

వీళ్లలో సగం మంది చిన్నప్పుడు నా దగ్గర కరాటే నేర్చుకున్నవాళ్లు. అందుకని వాళ్ల అమ్మానాన్నలు నాకు ఫోన్ చేస్తున్నారు. "మేడమ్ గారూ, మీ మాటైతే వింటారు, ఈ పిచ్చి మాన్పించండి" అంటున్నారు. నేను మాన్పించను. పైగా ఊరు వాళ్లకు చోటు చూపించాలని, కింద నాలుగు పరుపులు వేయాలని, పక్కన ఒక పెద్దమనిషి నిలబడాలని ఈ వ్యాసంలో అడుగుతున్నాను.

ఫైటు అనగానే పెద్దవాళ్ల మనసులో మెదిలేది రౌడీతనం. తెర మీద హీరో పాతికమందిని గాల్లోకి లేపుతుంటే చూసి పెరిగిన పిల్లలు రేపు బజార్లో కూడా అదే చేస్తారేమోనని భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ తెర మీది దెబ్బ ఎలా పుడుతుందో ఒక్కసారి దగ్గర నిలబడి చూస్తే ఆ భయం అక్కడికక్కడే సగం పోతుంది.

ఆదివారం పొద్దున్నే వీళ్లు కాలువ గట్టు పక్కన ఒక కొబ్బరితోటలో చేరతారు. గోనెసంచుల్లో కొబ్బరి పొట్టు దట్టించి, మూతులు కుట్టి, మూడు వరసలు పేర్చి, పైన ఒక పాత దూది పరుపు పరుస్తారు. దింపుకు వెళ్లే కుర్రాడు దానికి వీపు పెట్టి నిలబడతాడు. ఎదురుగా పాలిటెక్నిక్ కుర్రాడు. ఫోను పట్టుకున్నవాడు దెబ్బ తినేవాడి భుజం వెనక, కొంచెం పక్కగా మోకాలి మీద కూర్చుంటాడు. గుద్దు ముఖానికి జానెడు దూరంలో గాలిలోనే పోతుంది. ఫోను ఉన్న చోటు నుంచి చూస్తే మాత్రం పిడికిలీ చెంపా ఒకే గీత మీద ఉంటాయి గనుక మధ్యలో ఉన్న ఆ జానెడు సందు కనపడదు. రెండడుగులు పక్కకు జరిగి తీశారో, సందు మొత్తం బయటపడి మోసం తెలిసిపోతుంది. ఆ గీత ఎక్కడుందో వెతకడానికే వాళ్లకు సగం పొద్దు గడుస్తుంది.

ఇక్కడ అసలు పనితనం దెబ్బ తినేవాడిది. తల ముందుగా తిప్పితే షాటు పాడైంది, ఆలస్యంగా తిప్పినా పాడైంది. గుద్దు వచ్చే క్షణానికి మెడ తిరగాలి, భుజం దానివెంట పోవాలి, కాలు తడబడాలి, గడ్డం ఛాతీకి ఆనించి వెనక్కి పడాలి. పడేటప్పుడు ఊపిరి బయటికి వదలాలి. అరచేతులు రెండూ ఒంటికి కాస్త దూరంగా పరుపును చరచాలి, అప్పుడు ఆ విసురు వెన్ను మీదికి రాకుండా చేతుల్లోకి పంచుకుపోతుంది. జూడోలో మొదటి పాఠం ఇదే. ఫైటర్లు దీన్ని 'ఫాల్' అంటారు. ఆ కుర్రాడు దీన్ని మొదట నిలబడి చేయలేదు. కూర్చుని పడ్డాడు, తర్వాత గొంతుకూర్చుని పడ్డాడు, ఆ తర్వాతే నిలబడి పడ్డాడు. అదీ నేను పక్కనుండి సరే అన్నాకే.

కొట్టేవాడి బాధ్యత తక్కువేం కాదు. ఎదుటివాడు సిద్ధంగా ఉన్నాడా లేదా అని కళ్లలోకి చూస్తాడు. కన్ను కలవకపోతే చెయ్యి లేవదు. ముందు నీళ్లలో నడిచినంత నిదానంగా, అంకెలు పలుకుతూ చేస్తారు. డిగ్రీ అమ్మాయి అంకెలు పలుకుతుంది. ఒకటికి ఎడమ చెయ్యి, రెండుకు అడ్డు, మూడుకు వంగడం, నాలుగుకు మోకాలు. పది కదలికలు తప్పు లేకుండా పోయాకే వేగం పెంచుతారు. ఎవరి నోట 'ఆగు' అన్న మాట వచ్చినా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలన్నది నేను పెట్టిన నిబంధన. కరాటేలోనూ జంటగా సాధన చేసేటప్పుడు దెబ్బను ఎదుటివాడి ఒంటికి అంగుళం ముందు ఆపడం తొలి రోజుల నుంచే నేర్పుతాం. ఎందరో పిల్లలకు దీన్ని నేర్పాను. ఈ జట్టు పిల్లలు ఆపినంత శుభ్రంగా క్లాసులో ఆపినవాళ్లు తక్కువ. క్లాసులో ఆపకపోతే నేను కోప్పడతాను, అంతే. ఇక్కడ ఆపకపోతే స్నేహితుడి పన్ను పోతుంది. ఆ తేడా వాళ్లకు తెలుసు.

మా ఊరికి ఇది కొత్త కూడా కాదు. దసరా వచ్చిందంటే అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా నడుస్తుంది. కొంకాపల్లి, మహిపాలవీధి లాంటి వీధుల వాళ్లు వాహనాల ఊరేగింపుతో పాటు కర్రలూ కత్తులూ పట్టుకుని వస్తారు. తాతా మనవడూ ఎదురెదురు నిలబడి కర్ర తిప్పుతారు. పడుకున్న మనిషి ఒంటి మీద కొబ్బరికాయో కూరగాయో పెట్టి, కళ్లకు గంతలు కట్టుకున్నవాడు కత్తితో నరుకుతాడు. చూసేవాళ్లు ఊపిరి బిగపట్టి నిలబడతారు. ఆ విద్య ఇద్దరి మధ్య నమ్మకం మీద నిలబడింది. గురువు కళ్ల ముందు రోజుల తరబడి సాధన చేస్తే తప్ప ఎవర్నీ అక్కడికి రానివ్వరు. వాళ్లను చూసి రౌడీలని ఎవరైనా అంటారా? చంటిపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ చూపిస్తాం. ఉత్తరాంధ్రలో సాము గరిడీలంటే ఎంత గౌరవమో ఇక్కడ తాలింఖానాకు అంతే గౌరవం. ఈ ఏడుగురు చేస్తున్నది ఆ సాధనే, చూసే కళ్ల స్థానంలో ఫోను వచ్చింది.

సినిమాకూ మా విద్యకూ ఉన్న సంబంధం కూడా పాతదే. 1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' లేకపోతే తెలుగు ఊళ్లలో ఇన్ని కరాటే స్కూళ్లు ఉండేవి కావని నేను గట్టిగా నమ్ముతాను. నేను నేర్చుకున్న షెడ్డులో గోడ మీద దేవుడి పటం పక్కనే బ్రూస్‌లీ ఫొటో ఉండేది. సుమన్, భానుచందర్ తెర మీద కాలు లేపితే ఊళ్లో కుర్రాళ్లు మామిడితోటల్లో లేపేవారు. 1999లో 'తమ్ముడు', 2001లో 'భద్రాచలం', 2003లో 'జానీ', 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి'. ఇలాంటి సినిమా ఒకటి ఆడినప్పుడల్లా మా క్లాసు ముందు చెప్పుల జతలు పెరిగేవి. సినిమా హాల్లోంచి వెళ్లిపోగానే తగ్గేవి కూడా. ఆ పిల్లలకు సినిమా చూడటమే తప్ప తీయడానికి దారి లేదు. ఇప్పటి పిల్లలకు ఆ దారి జేబులో ఉంది. 2020లో జనమంతా ఇళ్లలో ఉన్నప్పుడు 'సరిలేరు నీకెవ్వరు' ఫైటును తమ ఊళ్లోనే తిరిగి తీసిన నెల్లూరు కుర్రాళ్లను రాష్ట్రమంతా చూసి ముచ్చటపడింది. మా జట్టులో దింపు కుర్రాడు ఆ వీడియోను ఫోనులో దాచుకున్నాడు.

పెద్దవాళ్లు నన్ను అడిగే ప్రశ్న, "ఇలా మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా బాగుపడ్డారా?" అని. బాగుపడ్డారు. నాకు బాగా ఇష్టమైన కథ థాయ్‌లాండ్‌ది. అక్కడ ఈశాన్యాన ఈసాన్ అనే ప్రాంతం ఉంది. వరి పండించే పల్లెలు, పేదరికం, పని కోసం బ్యాంకాక్ వెళ్లే కుర్రాళ్లు. అక్కడి ఖోన్‌కేన్‌లో 1961లో పుట్టిన పన్నా రిట్టిక్రై బ్రూస్‌లీ, జాకీ చాన్ సినిమాలు చూసి పెరిగాడు. చుట్టుపక్కల కుర్రాళ్లను పోగుచేసి, సాధన చేయించి, చేతికందిన డబ్బుతో యాక్షన్ సినిమాలు తీయడం మొదలుపెట్టాడు. 1980ల్లో వచ్చిన వాళ్ల సినిమా ఒకటి ఇంగ్లిషులో 'బార్న్ టు ఫైట్' పేరుతో తెలిసింది. రాజధానిలో పట్టించుకున్నవాళ్లు తక్కువ. పల్లెల్లో తెరలు కట్టి వేసే సినిమాలుగా అవి ఆడాయి.

అలాంటి తెర ముందు కూర్చున్న పిల్లాడొకడు సురిన్ జిల్లాలో ఏనుగుల్ని సాకే కుటుంబంలో పుట్టాడు. పన్నా దగ్గరికి వెళ్లి తనను చేర్చుకోమన్నాడు. పన్నా చేర్చుకున్నాడు, కానీ ముందు వెళ్లి మహా సరఖాంలోని వ్యాయామ కళాశాలలో చదువుకోమన్నాడు. పిల్లాడు చదివాడు, తర్వాత ఏళ్లపాటు ఇతరుల సినిమాల్లో పేరు లేకుండా దెబ్బలు తిన్నాడు. 2003లో 'ఓంగ్ బాక్' వచ్చింది. తాళ్లు కట్టలేదు, కంప్యూటర్ బొమ్మలు వాడలేదు అని చెప్పుకుని మరీ విడుదల చేసిన ఆ సినిమాతో ఆ పిల్లాడి పేరు, టోనీ జా, ప్రపంచమంతా తెలిసింది. ఫైట్లు సమకూర్చింది పన్నాయే. 2014లో ఆయన పోయేనాటికి థాయ్ యాక్షన్ సినిమా అంటే ఆయన జట్టే. ఇందులో నాకు నచ్చేది కుర్రాడి పేరు ప్రఖ్యాతుల కన్నా ఆ మధ్యలో పెద్దమనిషి చెప్పిన 'ముందు చదువుకో' అన్న మాట. ఆశపడి వచ్చినవాణ్ని పొమ్మనలేదు. రమ్మని, ఒక క్రమంలో పెట్టాడు. మన ఊళ్లలో పిల్లలకు దొరకనిది ఆ మనిషే.

ఇంకొకటి అమెరికాది, మనకూ ఓ పొద్దున తగిలి వెళ్లింది. కాలిఫోర్నియాలో ఆండీ లె, బ్రయాన్ లె అనే అన్నదమ్ములు, వాళ్ల స్నేహితుడు డేనియల్ మా కలిసి 'మార్షల్ క్లబ్' పేరుతో చిన్న చిన్న ఫైటు వీడియోలు తీసి యూట్యూబులో పెట్టేవారు. హాంకాంగ్ సినిమాలు చూసి, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి నేర్చుకున్న విద్య వాళ్లది. ఆ వీడియోలు చూసిన ఇద్దరు దర్శకులు తమ సినిమాకు ఫైట్లు కూర్చమని పిలిచారు. ఆ సినిమా 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ ఒన్స్'. 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన ఆ పొద్దున మనమంతా టీవీల ముందు కూర్చున్నాం కదా, అదే వేదిక మీద ఆ సినిమా ఏడు ఆస్కార్లు తీసుకుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మా జట్టు పిల్లల ముఖాలు చూడాలి. ఇంత చెప్పినా వాళ్లలో ఒకడికి ఆస్కార్ కన్నా, వాళ్లు వీడియోలు ఏ ఫోనుతో తీశారన్నదే కావాల్సి వచ్చింది.

దక్షిణ కొరియాలో ఈ విద్యకు ఏకంగా బడే పెట్టారు. జంగ్ డూహాంగ్ 1998లో సియోల్ యాక్షన్ స్కూల్ మొదలుపెట్టాడు. అక్కడ నేర్చుకున్న జంగ్ బ్యుంగ్‌గిల్ తన తోటి స్టంటు కుర్రాళ్ల మీద 2008లో 'యాక్షన్ బాయ్స్' అనే డాక్యుమెంటరీ తీసి, తర్వాత దర్శకుడయ్యాడు.

మన దగ్గర మాత్రం లేరా? రామ్-లక్ష్మణ్ మాస్టర్లది కారంచేడు. ఆ పల్లె నుంచి మద్రాసు వెళ్లి, ఫైటర్లుగా చేసి, ఫైట్ మాస్టర్లయ్యారు. జాతీయ అవార్డుల్లో యాక్షన్‌కు ఒక విభాగం పెట్టాక మొదటిది 'పులిమురుగన్'కు పీటర్ హెయిన్ అందుకున్నారు. తర్వాత 'ఆర్ఆర్ఆర్'కు కింగ్ సాలమన్, 'హనుమాన్'కు నందు, పృథ్వీ తీసుకున్నారు. ఆస్కార్ అకాడమీ కూడా 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్లకు అవార్డు ఇస్తామని ప్రకటించింది. ఆ ప్రకటనకు వాడిన బొమ్మల్లో 'ఆర్ఆర్ఆర్' ఒకటి.

ఇవన్నీ చెప్పి తల్లిదండ్రులకు ఆశలు పెట్టడం లేదు. ఈ ఏడుగురూ ఫైట్ మాస్టర్లు అవుతారని నేను అనుకోవడం లేదు. చాలామంది ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో, సంసారాల్లో పడతారు. అయినా ఈ పని వృథా పోదనే అంటాను. షూటింగుకు ముందురోజు రాత్రి డిగ్రీ అమ్మాయి నోటుపుస్తకంలో షాటు షాటుకూ బొమ్మ గీసుకుంటుంది. పుల్లల్లాంటి మనుషులు, ఫోను ఎక్కడుండాలో ఒక బాణం గుర్తు, పక్కన ఎవరు ఏ చొక్కా వేసుకోవాలో. వెలుగు కొబ్బరాకుల మీదికి ఎన్నింటికి వస్తుందో కూడా రాసుకుంది. ఏడుగురిని చెప్పిన టైముకు చెప్పిన చోటుకు రప్పించడం, తలా కొంత వేసుకున్న డబ్బు లెక్క చూడటం, అలిగినవాణ్ని బుజ్జగించి తేవడం కూడా ఆమే చూసుకుంటోంది. ఇది ఏ కాలేజీలో నేర్పుతున్నారు?

ఇక శబ్దం సంగతి వింటే మీకూ సరదా పుడుతుంది. జానెడు దూరంలో పోయిన గుద్దుకు చప్పుడెక్కడిది? దాన్ని విడిగా పుట్టించాలి. సెల్‌ఫోన్ షాపు కుర్రాడి ఇంట్లో, రాత్రి వీధి సద్దుమణిగాక, కిటికీలకు దుప్పట్లు కడతారు. తడి తువ్వాలు మడిచి బట్టలుతికే బండ మీద కొడితే పొట్టలో గుద్దు. పచ్చి కొబ్బరి మట్టను మోకాలికి ఆనించి విరిస్తే ఎముక విరిగిన చప్పుడు, వింటే ఒళ్లు జలదరిస్తుంది. పంచెను ఒక్కసారి విదిలిస్తే గాల్లోకి లేచిన కాలు. ఏ చప్పుడు ఎక్కడ కూర్చోవాలో ఫోనులోనే ఎడిటింగ్ యాప్‌లో సరిచూస్తారు. దెబ్బ తగిలినట్టు కనిపించే ఫ్రేము కన్నా చప్పుడు ఒక పిసరు ముందొస్తే దెబ్బకు బరువు రాదని వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. హాంకాంగ్ వాళ్లు సెకనుకు 24 ఫ్రేములు తీయాల్సిన చోట 22 తీసి ఫైటుకు వేగం తెచ్చేవారని నేను ఎప్పుడో విన్నది చెబితే, వెంటనే ఫోనులో వేగం కొంచెం మార్చి చూసుకున్నారు. మరీ పెంచితే కోతి గంతుల్లా ఉందని మళ్లీ తగ్గించారు. ఇంటర్ తప్పిన కుర్రాడు ఇరవై నాలుగులో ఇరవై రెండు ఎంత శాతమో వేలితో మట్టి మీద లెక్క వేస్తుంటే చూశాను. వాడితో సప్లిమెంటరీకి ఫీజు కట్టించింది ఆ రోజే. పరీక్ష అయ్యేదాకా వాడికి ఫోను పట్టుకునే పని తప్ప పడే పని లేదని జట్టంతా కలిసి తీర్మానించింది.

అమ్మాయిల గురించి వేరుగా చెప్పాలి. ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండు తరగతుల ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ కింద మూడు నెలలు ఆత్మరక్షణ నేర్పుతారు. మంచి పథకం, నేనూ నేర్పాను. మూడు నెలలయ్యాక ఏమిటి? నేర్చుకున్న ఆ నాలుగు పట్లూ వాడుక లేక ఒంటి నుంచి జారిపోతాయి. పెద్దమనిషి అయిన పిల్ల మైదానంలో కాలు పైకి లేపితే ఇంట్లో ఒప్పుకోరు. ఈ జట్టులో ఆ ఇద్దరికీ వారంవారం సాధన ఉంది, పక్కన నమ్మదగిన స్నేహితులున్నారు. మొదటి కథలో నర్సింగ్ అమ్మాయిని ఎవరో ఎత్తుకుపోతారు, అబ్బాయిలు విడిపిస్తారు. ఆ అమ్మాయి స్క్రిప్టు కాగితం మడిచి వెనక్కిచ్చేసింది. "నన్ను విడిపించడానికి ఇంతమంది ఎందుకురా?" అంది. ఇప్పుడు వాళ్లు తీస్తున్న కథలో దింపు లెక్కలో కాయలు తగ్గాయని ఇద్దరి మధ్య తగువు. ఆ ఇద్దరిలో ఒకరు తండ్రి తోట చూసుకునే అమ్మాయి, ఆ పాత్ర ఈమెదే. నేను వాళ్లకు ఇచ్చిన సలహా ఒకటే. పాతికమందిని కొట్టే కథ వద్దు, ఇద్దరు చాలు, ఎందుకు కొట్టుకుంటున్నారో చూసేవాడికి తెలిస్తే చాలు.

ఇక ప్రమాదం మాట. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లతో నాకు సరిపడదు. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర ఒక జలాశయంలో కన్నడ సినిమా షూటింగు జరుగుతుండగా హెలికాప్టర్ నుంచి దూకిన ఇద్దరు నటులు మునిగిపోయారు. 2025 జూలైలో తమిళనాడులో కారు పల్టీ కొట్టే షాటులో ఒక స్టంట్ కళాకారుడు చనిపోయాడు. వాళ్లంతా వృత్తిలో ఉన్నవాళ్లు. చుట్టూ యూనిట్ ఉంది, అయినా అలా జరిగింది. అందుకే నా దగ్గర కొన్ని విషయాల్లో బేరం లేదు. ఎత్తు నుంచి దూకడం లేదు, నిలబడిన ఎత్తే హద్దు. బండి, రైలు పట్టా, కాలువ, మంట, గాజుసీసా, ఇనుప కత్తి ఏవీ వద్దు. కత్తి కావాలంటే అట్టముక్కకు వెండిరంగు కాగితం అంటిస్తారు, కర్ర కావాలంటే సన్న ప్లాస్టిక్ పైపుకు స్పాంజి చుట్టి పైన నల్ల టేపు వేస్తారు. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం కళ్లు బైర్లు కమ్మినా ఆ రోజుకు షూటింగ్ బంద్. ఆ తర్వాత తలనొప్పి పెరిగినా, వాంతి అయినా, మాట తడబడినా నేరుగా ఆసుపత్రికే. దీన్ని చూసుకునే బాధ్యత నర్సింగ్ అమ్మాయిది. ఆమె ఆపమంటే డైరెక్టరైనా ఆపాలి.

లైకుల కోసం ఒంటరిగా రైలుకు ఎదురెళ్లి రీలు తీసుకునేవాడికీ ఈ జట్టుకూ పోలిక లేదు. అక్కడ ఆపేవాడు ఎవడూ ఉండడు. ఇక్కడ ప్రతి కదలికా ఇంకొకరి ఒంటి క్షేమం మీద ఆధారపడి ఉంటుంది కనుక ఆపేవాళ్లు ఆరుగురు ఉంటారు. రెండింటినీ ఒకే గాటన కట్టి తిట్టడం అన్యాయం.

అన్యాయం అన్న మాట ఎందుకు వాడానంటే, మొదట్లో ఈ పిల్లలు ఒక బడి మైదానం అడిగారు. ఆదివారం ఖాళీగా ఉండేదే, మెత్తటి ఇసుక ఉన్న లాంగ్‌జంప్ గుంట కూడా ఉంది. "సినిమా వేషాలకు గ్రౌండ్ ఇవ్వం" అన్నారు. తర్వాత ఊరి చివర ఒక ఖాళీ లేఅవుట్‌లో మొదలుపెడితే, చూసినవాళ్లెవరో పోలీసులకు ఫోన్ చేశారు. 2022 మేలో మా ఊళ్లో జరిగిన అల్లర్ల తర్వాత నలుగురు కుర్రాళ్లు కర్రలతో కనపడితే పోలీసులు ఆగి అడగడంలో తప్పు లేదు. వాళ్లు వచ్చి, స్పాంజి కర్రలు చూసి, సర్దుకుని వెళ్లిపోమన్నారు, మర్యాదగానే. ఫలితం ఏమిటంటే పిల్లలు ఎవరికీ కనపడని చోటు వెతుక్కుని కాలువ గట్టుకు పోయారు. వేళ్లు తేలిన నేల, పక్కనే నీళ్లు, తలెత్తి చూస్తే ఎండుకాయలు. ఎవరికైనా ఏదైనా అయితే బండి వచ్చే దారి కూడా లేదు. వద్దన్న ప్రతిసారీ వాళ్లు పని మానలేదు, ఇంకాస్త ప్రమాదమైన చోటుకు జరిగారు. కాదన్న పెద్దలందరూ ఈ ఒక్క సంగతి ఆలోచించాలని నా మనవి.

నేను అడుగుతున్నవి పెద్ద ఖర్చు లేనివి. బడులవాళ్లు ఆదివారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక మైదానం తెరవండి. పేర్లు, ఫోన్ నంబర్లు, తల్లిదండ్రుల సంతకాలు తీసుకోండి, బాధ్యురాలిగా నా సంతకం కూడా తీసుకోండి. పోటీలు అయ్యాక స్టోరు గదుల్లో ఎలుకలు కొరుకుతున్న జూడో, కబడ్డీ మ్యాట్లు ఎన్నో ఉన్నాయి. అంచులు చిరిగినవే ఇవ్వండి, కుట్టుకుంటారు. షూటింగ్ ఎక్కడ, ఎప్పుడు అని ముందురోజే పోలీస్ స్టేషన్‌లో కాగితం ఇవ్వాలన్నది జట్టుకు నా షరతు. ఆ కాగితం తీసుకుని ముద్ర వేసి ఇస్తే చాలు, ఎవరైనా ఫోన్ చేసినప్పుడు స్టేషన్‌లో జవాబు ఉంటుంది.

తాలింఖానా గురువులను చేతులు జోడించి అడుగుతున్నాను, వీళ్లను దసరా నాడు మాత్రమే చూసే జనంగా మిగల్చకండి. కర్రసాములో రెండు వరసలు నేర్పండి. హాంకాంగ్ వాళ్ల కదలికల్ని అచ్చు దింపుతున్న ఈ పిల్లలకు తమ వీధి కర్ర చేతికొస్తే వాళ్ల సినిమా ఇంకెవరూ తీయలేని సినిమా అవుతుంది. ఫైటర్లుగా పనిచేసి రిటైరై మన ఊళ్లకు తిరిగొచ్చినవాళ్లు ఉంటే ఒక్క పొద్దు వచ్చి పడటం చూపించండి. మీ మోకాళ్లు సహకరించకపోతే కుర్చీ వేస్తాం, కూర్చుని చెప్పండి.

అమ్మానాన్నలకు ఇంకో మాట. ఫోన్ చేసి మాన్పించమనే ముందు ఒక ఆదివారం వచ్చి గట్టు మీద కూర్చోండి. మీ అబ్బాయి మీదికి గుద్దు వచ్చేటప్పుడు ఎదుటివాడి కళ్లు ఎక్కడున్నాయో చూడండి. అప్పటికీ వద్దనిపిస్తే ఆ మాట నాతో కాదు, వాళ్ల ఏడుగురితో అక్కడే చెప్పండి, వింటారు. దింపు లెక్క సినిమా దసరాకు ముందే పూర్తవుతుంది. ఉత్సవాల్లో ఏదో ఒక వీధిలో తెల్ల పంచె కట్టి దాన్ని వేయడానికి ఏ కమిటీ ఒప్పుకుంటుందో అడగడానికి వచ్చే వారం నుంచి నేనే తిరుగుతాను.